టవర్ స్పీకర్ల కింద స్పైకులా, ఐసొలేషన్ ఫీటా? మన గోదావరి ఇళ్ల నేలను బట్టి తేల్చుకుందాం

టవర్ స్పీకర్లు కొంటే అట్టపెట్టెలో ఓ చిన్న కవరు కూడా వస్తుంది. స్పైకులు (అడుగున బిగించే సూదిమొన లోహపు కాళ్లు), నట్లు, కొన్నిసార్లు స్పైకుల కింద పెట్టే గుండ్రటి బిళ్లలు అందులో ఉంటాయి. కంపెనీవాళ్లే ఇచ్చారు కదా అని చాలామంది బిగించేస్తారు. తర్వాత తెలిసినవాళ్లెవరో వచ్చి, ఇవి తీసేసి ఐసొలేషన్ ఫీట్ (అదురును అడ్డుకునే మెత్తటి కాళ్లు) పెట్టు, బేస్ ఎంత శుభ్రంగా వస్తుందో చూడు అంటారు. ఇంకొకరు రబ్బరు పెడితే సౌండ్ చచ్చిపోతుంది, స్పైకులే ఉంచు అంటారు. ఇద్దరూ తమ ఇంట్లో విన్నదే చెబుతున్నారు. తేడా చాలావరకు వాళ్ల ఇళ్ల నేలల్లో ఉంది.

అందుకే నేనైతే స్పీకరు మోడల్ కన్నా ముందు నేల గురించి అడుగుతాను. అమలాపురంలో పాత పెంకుటింటి గచ్చు నేల, భీమవరంలో నాలుగో అంతస్తు ఫ్లాట్, పాలకొల్లులో మేడ మీద వేసుకున్న కొత్త గది. ఈ మూడింటికీ ఒకే జవాబు సరిపోదు, స్పీకరు మూడుచోట్లా ఒకటే అయినా సరే.

స్పైకు అసలు ఏం చేస్తుంది

స్పైకు ముఖ్యంగా కార్పెట్ ఇళ్ల వస్తువు. చలిదేశాల్లో గది అంతా మందపాటి కార్పెట్ ఉంటుంది. దాని మీద పొడవాటి స్పీకరు పెడితే మెత్తగా ఊగుతుంది. సూదిలాంటి మొన కార్పెట్‌ను చీల్చుకుని కింది గట్టి నేలను తాకితే ఊపు పోతుంది. ఆ పని స్పైకు చక్కగా చేస్తుంది, అందులో అనుమానం లేదు.

మన దగ్గర కార్పెట్ ఎక్కడుంది? విట్రిఫైడ్ టైల్స్, మార్బుల్, గ్రానైట్, కడప రాయి, పాత ఇళ్లలో గచ్చు. ఇలాంటి నేల మీద స్పైకుకు మిగిలే పని రెండే: స్పీకరు కదలకుండా నాలుగు బిందువుల మీద నిలబెట్టడం, మర తిప్పి ఎత్తు సరిచేసుకునే వీలివ్వడం. స్పైకు అదురును నేలలోకి పంపేస్తుంది, వెనక్కి మాత్రం రానివ్వదు అని కొందరు దుకాణదారులు చెబుతారు. అది నిజం కాదు. లోహపు మొన గట్టిగా ఆనితే అదురు రెండు వైపులా నడుస్తుంది. స్పీకరు నుంచి నేలకూ పోతుంది, నేల నుంచి స్పీకరుకూ వస్తుంది.

మొన వల్ల వచ్చే ప్రమాదం వేరే ఉంది. 24 కిలోల స్పీకరు నాలుగు స్పైకుల మీద ఉంటే ఒక్కోదాని మీద సుమారు 6 కిలోలు పడుతుంది. మొన వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు అనుకున్నా, చదరపు సెంటీమీటరుకు 600 కిలోల ఒత్తిడి. స్పీకరును ఓ అంగుళం జరిపితే చాలు, కడప రాయి మీద తెల్లటి గీత పడుతుంది, మార్బుల్ పెచ్చు లేస్తుంది. కాబట్టి బిళ్ల లేకుండా స్పైకును మన నేలల మీద పెట్టొద్దు. ఇందులో మినహాయింపు లేదు.

రూపాయి బిళ్లలు పెట్టేవాళ్లున్నారు. పని జరుగుతుంది గానీ నున్నటి టైల్ మీద అవి జారుతాయి, మొన కూడా బిళ్ల అంచుకు జరిగిపోతుంది. ఇంతకన్నా మంచి దారి, లేత్ షాపులో ఇత్తడి కడ్డీ నుంచి ఎనిమిది బిళ్లలు కోయించుకోవడం. అంగుళం వెడల్పు, 5 మి.మీ. మందం, మధ్యలో మొన కూర్చోవడానికి చిన్న గుంట, అడుగున అంటించే పల్చటి ఫెల్ట్. ఇత్తడికి పేరుపడ్డ అజ్జరం మన పక్కనే ఉంది, ఇత్తడి పని తెలిసిన చేతులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు.

ఇత్తడి అని ఊరికే అనలేదు. నరసాపురం, అంతర్వేది, యానాం వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప స్పైకు మీది క్రోమ్ పూత త్వరగా పొక్కుతుంది. రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద ఆ తుప్పు మార్బుల్‌లోకి దిగితే మరక ఓ పట్టాన పోదు. స్టెయిన్‌లెస్ స్టీలు గానీ ఇత్తడి గానీ వాడండి. మర మీద కాస్త వాజిలిన్ రాస్తే నట్టు పట్టేయకుండా ఉంటుంది.

మెత్తటి కాళ్ల లెక్క

ఐసొలేషన్ ఫీట్ పేరుతో అమ్మేవన్నీ ఒకే రకం కావు. వట్టి రబ్బరు ముక్క దగ్గర్నుంచి సోర్బోథేన్ అనే రబ్బరులాంటి మెత్తటి పదార్థపు బిళ్లలు, ఎస్‌వీఎస్ వాళ్ల సౌండ్‌పాత్, కెనడా కంపెనీ ఐసో అకూస్టిక్స్ వాళ్ల గాయా, ఇంగ్లండులో టౌన్‌షెండ్ వాళ్లు చేసే స్ప్రింగు పీఠాల దాకా ఉన్నాయి. పేర్లు ఎన్నున్నా వెనక ఉన్న సూత్రం ఒకటే, అది తెలిస్తే ఏది కొనాలో మీరే చెప్పగలరు.

మెత్తటి కాలు మీద స్పీకరు పెట్టగానే అది కొంచెం అణుగుతుంది. ఎంత అణిగిందన్నదే అసలు సంగతి. ఒక మిల్లీమీటరు అణిగితే, కాలు, స్పీకరు కలిసి సెకనుకు దాదాపు 16 సార్లు ఊగే వ్యవస్థ అవుతుంది, అంటే 16 హెర్ట్జ్. రెండున్నర మిల్లీమీటర్లు అణిగితే 10 హెర్ట్జ్. 4 మిల్లీమీటర్లకు 8 హెర్ట్జ్. ఈ అంకెను 1.4తో గుణిస్తే వచ్చేదానికి పైనున్న అదురును మాత్రమే ఆ కాలు అడ్డుకోగలదు. దానికి కింద అడ్డుకోవడం అటుంచి, ఊగే అంకె దగ్గరైతే అదురును పెంచుతుంది కూడా.

ఇప్పుడు వాషింగ్ మెషిన్ కింద పెట్టే గట్టి రబ్బరు ముక్క తీసుకోండి. ఆరు కిలోలకు అది అణిగేది మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప. అంటే దాని అంకె 50 హెర్ట్జ్, అడ్డుకోవడం మొదలయ్యేది 70 తర్వాత. సినిమా పాటల్లో బేస్ గిటారు, డ్రమ్ కొట్టే దెబ్బ పడేది సరిగ్గా ఈ 50 పరిసరాల్లోనే. రబ్బరు పెట్టాక సౌండ్ బరువెక్కిపోయిందని, మొద్దుగా ఉందని వినే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే. రబ్బరు తప్పు కాదు, ఆ బరువుకు ఆ రబ్బరు మరీ గట్టిది.

అణిగింది ఇంట్లోనే కొలవొచ్చు. మామూలు జిరాక్స్ కాగితం ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. కాలును బల్ల మీద పెట్టి, పక్కన దాని ఎత్తుకు సరిపడా కాగితాలు పేర్చండి. స్పీకరు కింద పెట్టాక అదే దొంతరను పక్కన ఆనించి, ఎన్ని కాగితాలు తీస్తే ఎత్తు సరిపోయిందో చూడండి. పది తీయాల్సి వస్తే మిల్లీమీటరు అణిగినట్టు. రబ్బరు జాతి పదార్థాలు అదురుకు కొంచెం గట్టిగా స్పందిస్తాయి కాబట్టి, లెక్కలో వచ్చిన అంకె కన్నా అసలుది కాస్త ఎక్కువే ఉంటుందనుకోండి.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఎక్కువ బరువు మోసే కాళ్లు కొంటే మేలు కదా అనుకోవడం ఇక్కడ పనికిరాదు. వంద కిలోలకు చేసిన కాళ్ల మీద ఇరవై కిలోల స్పీకరు పెడితే అవి అణగనే అణగవు. తక్కువ బరువువి పెడితే చపాతీలా నలిగిపోయి మళ్లీ గట్టిపడతాయి. గాయా కాళ్లలో మూడో రకం నాలుగు కలిసి 32 కిలోల వరకు, రెండోది 54 వరకు, ఒకటోది 100 వరకు మోస్తాయని కంపెనీ చెబుతుంది. 24 కిలోల స్పీకరుకు మూడో రకమే సరి. సోర్బోథేన్ అయితే బరువుకు దాని మందంలో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు అణిగేలా ఎంచుకోవాలి. స్పీకరు బరువు మాన్యువల్‌లో ఉంటుంది, లేకపోతే కాటా మీద పెట్టి చూడండి. అంచనాతో కొనొద్దు.

మెత్తటి కాళ్ల మీద ఉంటే కోన్ (శబ్దం పుట్టించే డ్రైవరులో కదిలే గరాటులాంటి భాగం) ముందుకు పోయినప్పుడు పెట్టె వెనక్కి తోసుకుపోయి సౌండ్ మసకబారుతుందని ఇంకో వాదన. ఇది వినడానికి నిజంలా ఉంటుంది, లెక్క వేస్తే నిలవదు. ఆరున్నర అంగుళాల బేస్ డ్రైవర్‌లో కదిలే భాగం 20 గ్రాములనుకుందాం. పెట్టె 24 కిలోలు, అంటే 1200 రెట్లు బరువు. కోన్ 5 మిల్లీమీటర్లు కదిలితే పెట్టె కదిలేది మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగు. రెండు డ్రైవర్లుంటే ఎనిమిది. తల వెంట్రుక మందం కూడా దీనికన్నా చాలా ఎక్కువ. అయితే డ్రైవర్లు పైన, కాళ్లు కింద ఉంటాయి కాబట్టి పొడవాటి పెట్టె ముందుకూ వెనక్కీ ఊగే వీలుంది. అందువల్ల వట్టి స్ప్రింగుల కన్నా, ఊపును తమలోనే కలిపేసుకునే రకం టవర్లకు నప్పుతుంది. గాయా కాళ్ల మీది గుర్తు మనం కూర్చునే వైపుకు గానీ, దానికి సరిగ్గా ఎదురు వైపుకు గానీ తిరిగి ఉండాలని కంపెనీ చెప్పేది కూడా అవి దిశను బట్టి పనిచేసేవి కాబట్టే.

ఏ నేలకు ఏది

మట్టి నింపి, కాంక్రీటు వేసి, పైన టైల్స్ పరిచిన గ్రౌండ్ ఫ్లోర్ గది అయితే నేల దాదాపు కదలదు. స్పీకరు నుంచి పోయే అదురుకు అంత బరువున్న నేలను ఊపే శక్తి ఉండదు. ఇలాంటి చోట బిళ్లల మీద పెట్టిన స్పైకులకూ, ఖరీదైన కాళ్లకూ తేడా వినిపించడం కష్టం. నన్నడిగితే కవర్లో వచ్చిన స్పైకులు, మంచి బిళ్లలు, అంతే. మిగిలిన డబ్బు దాచుకోండి, లేదా గదికి మందపాటి పరదాలు వేయించండి.

ఒక్క మెలిక ఉంది. డెల్టాలో చాలా ఇళ్లు చేలు పూడ్చి కట్టినవి. పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి సర్దుకుంటూ ఉంటుంది, టైల్స్ కింద డొల్ల ఏర్పడుతుంది. స్పీకరు పెట్టబోయే చోట రూపాయి బిళ్లతో నేలను తట్టి చూడండి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, డొల్లగా ఉన్నచోట బోలు శబ్దం వస్తుంది. డొల్ల టైల్ మీద స్పైకు పెడితే ఏదో ఒకనాడు పగులుతుంది, పైగా ఆ టైల్ తానే అదురుతుంది. స్పీకరును ఓ అడుగు జరపడమే సులువు. జరపడానికి చోటు లేకపోతే మేస్త్రి గారిని పిలిచి ఆ రెండు టైల్స్ తీయించి మళ్లీ వేయించండి.

మేడ మీద గది, అపార్ట్‌మెంట్ ఫ్లాట్ సంగతి వేరు. అక్కడి నేల నాలుగైదు అంగుళాల స్లాబు, గోడలూ దూలాలే దానికి ఆధారం, మధ్యలో కింద ఏమీ లేదు. బేస్ గట్టిగా పెడితే అరికాళ్లకు తెలుస్తుంది. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం కాబట్టి ఈ పరీక్ష మనకు తేలిక. అదే అదురు గోడల్లోంచి పోయి షోకేసు అద్దాలనూ, వంటింటి స్టాండులోని స్టీలు కంచాలనూ కదిలిస్తుంది, కింది ఫ్లాట్ వాళ్ల తలుపు తట్టించేదీ అదే. ఇక్కడ ఐసొలేషన్ ఫీట్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే గాలిలోంచి కిటికీల గుండా పోయే శబ్దం ఏ కాళ్లు పెట్టినా ఆగదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో గోడలు కలిసిన ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఈ రెండింటి తేడా తెలుసుకుని కొనాలి.

కోనసీమ మండువా ఇళ్లలో కొన్నిటికి కలప దూలాల మీద చెక్క పరిచిన మేడగది ఉంటుంది. పాటలు వినడానికి ఆ గదంత హాయి ఇంకెక్కడా ఉండదు. పలకలు మాత్రం డోలు తోలులా పలుకుతాయి. స్పైకు గుచ్చితే పలకకు చిల్లు, సౌండుకు అదనపు గుంయ్ శబ్దం. ఈ గదికి నేను ఐసొలేషన్ తప్ప ఇంకోటి చెప్పను. కింద గ్రానైట్ పలక కూడా వేయండి. వంటగట్టు కోసం కోయగా మిగిలిన ముక్క దొరుకుతుంది. 40 సెంటీమీటర్ల చదరం, 2 సెంటీమీటర్ల మందం ఉంటే దాదాపు 8.5 కిలోలు తూగుతుంది. పలక కింద మెత్తటి కాళ్లు, పలక మీద స్పైకులతో స్పీకరు. పీఠం వెడల్పవుతుంది కాబట్టి పడిపోయే భయమూ తగ్గుతుంది. కాళ్లు ఎంచుకునేటప్పుడు మాత్రం పలక బరువు కలపాలి: 24కు 8.5 కలిస్తే 32.5 కిలోలు. ఇందాక సరిపోయిన మూడో రకం గాయా ఇప్పుడు చాలదు.

సంక్రాంతికి ఇల్లంతా పిల్లలతో నిండిపోయే ఇళ్లవాళ్లు దీన్ని ఇంకొంచెం శ్రద్ధగా ఆలోచించాలి. మీటరు ఎత్తు, జానెడు వెడల్పు ఉన్న పెట్టె స్ప్రింగుల మీద నిలబడి ఉంటే, మూడేళ్ల పాప పట్టుకుని లేవబోయినా ఊగుతుంది. వెడల్పు పీఠం లేకుండా స్ప్రింగులు వద్దు. సౌండు కన్నా పిల్లల క్షేమం ముందు.

కొబ్బరి పీచు చాప మడిచి వేసేవాళ్లు, సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టేవాళ్లు ఉన్నారు. పీచు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అణుగుతుంది, వానాకాలం తేమ పీల్చి స్పీకరు అడుగు చెక్కను ఉబ్బిస్తుంది. నల్ల రబ్బరు నేరుగా మార్బుల్‌ను తాకితే కొన్నాళ్లకు మరక పడుతుంది. ట్యూబు ముక్కల కింద పల్చటి స్టీలు రేకు వేసుకోవాలి. సోర్బోథేన్‌కూ పాలిష్ చేసిన చెక్క మీద అదే జాగ్రత్త.

ఏ కాళ్లయినా సరే, స్పీకరు అడుగు నేలకు అంగుళమైనా పైన ఉండాలి. రోజూ నేల తుడిచే ఇంట్లో ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) పెట్టె అడుగుకు నీళ్లు తగిలితే పొంగి పెచ్చులూడుతుంది. అడుగున పోర్టు (గాలి పోయే రంధ్రం) ఉన్న స్పీకర్లకు మాత్రం కంపెనీ చెప్పిన ఎత్తే ఉంచండి. ఆ సందు మారితే బేస్ మారిపోతుంది.

బిగించే ముందు, బిగించాక

స్పైకులు ఆఖర్న వేయాలి. ముందు ఫెల్ట్ ముక్కల మీద స్పీకర్లు జరుపుతూ చోటు తేల్చుకోండి. ఎందుకంటే బేస్ గుంయ్‌మనడానికి అసలు కారణం చాలా ఇళ్లలో కాళ్లు కాదు, గది. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోతుంది, 10 అడుగులైతే 56 దగ్గర. స్పీకరును వెనక గోడకు అడుగు దూరం జరిపితే వచ్చే మార్పు, ఏ కాళ్లూ తేలేవు. జరపడం ఉచితం కూడా.

చోటు కుదిరాక రసమట్టం పెట్టి సరిచేయండి. పెట్టె పైన ఎదురు మూలలు రెండూ నొక్కి చూస్తే ఊగుతోందో లేదో తెలుస్తుంది. ఒక్కో కాలు కింద పేపరు ముక్క పెట్టి లాగండి. సులువుగా వచ్చేసిన కాలు నేలకు ఆనట్లేదన్నమాట. దాన్ని దించి నట్టు బిగించండి. పాత కడప రాళ్ల నేల మీద ఇది మరీ ముఖ్యం, రెండు రాళ్ల అంచులు ఒక ఎత్తులో ఉండవు. స్పీకరు కదలకుండా నిలబడితే వచ్చే లాభం, స్పైకా రబ్బరా అన్న తేడా కన్నా పెద్దది. మర సైజు కూడా ముందే చూసుకోండి: ఎక్కువగా ఎం6 లేదా ఎం8 ఉంటుంది, కొన్ని అమెరికా స్పీకర్లకు పావంగుళం మర వస్తుంది.

కాళ్లు మారిస్తే ఎత్తు కూడా మారుతుంది. పడక కుర్చీలో వాలి వినేవాళ్ల చెవి, ట్వీటరు (సన్నటి, హై నోట్లు పలికే చిన్న డ్రైవరు) కన్నా బాగా కిందికి ఉంటుంది. కొత్త కాళ్ల వల్ల స్పీకరు ఇంకో అంగుళం లేస్తే హై నోట్లు మారినట్టు అనిపిస్తుంది, ఆ మార్పును కాళ్ల మెత్తదనానికి అంటగడతాం. అందుకని ముందు, తర్వాత ట్వీటరు ఎత్తును టేపుతో కొలిచి రెండుసార్లూ ఒకటే ఉండేలా చూడండి. పడక కుర్చీ అలవాటున్నవాళ్లు ముందు వైపు కాళ్లను ఓ రెండు మరలు లోపలికి తిప్పి స్పీకరును ముందుకు వంచుకోవచ్చు. స్పైకుల్లో నాకు బాగా నచ్చే సౌకర్యం ఇదే, మెత్తటి కాళ్లలో అన్నిటికీ ఇంత వీలుండదు.

వినడానికి పాటలు మార్చకండి, వాల్యూమూ మార్చకండి. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారి వీణ, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీ రికార్డింగు ఏదైనా మంచి పరీక్ష. వీణ మంద్ర తీగ మీటాక నాదం సన్నగిల్లుతూ పోవాలి, మధ్యలో ఉబ్బకూడదు. మృదంగం తొప్పి వైపు దెబ్బకూ తర్వాతి దెబ్బకూ మధ్య ఖాళీ వినపడాలి. నేల కలగజేసుకుంటుంటే ఆ ఖాళీ పూడుకుపోతుంది. చెవి మీద నమ్మకం చాలకపోతే ఫోను సెన్సార్లతో అదురును కొలిచే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయంలో తయారైంది. ఫోను నేల మీద పెట్టి 40, 50, 60 హెర్ట్జ్ టోన్లు ఒకే వాల్యూమ్‌లో వాయించి, స్పైకులతో ఒకసారి, మెత్తటి కాళ్లతో ఒకసారి అదురు ఎంతో చూడండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు గీతలూ దాదాపు ఒకేలా వస్తే కొత్త కాళ్లు వాపసు ఇచ్చేయండి, కొనేటప్పుడే వాపసు గడువు అడిగి ఉంచుకోండి.

రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. మేడ మీద గదిలో స్పీకర్ల బేస్ స్లాబులోంచి ప్లేయర్‌కు చేరి, ముల్లు దాన్ని మళ్లీ ఆంప్లిఫయరుకు పంపుతుంది. అప్పుడు ఊళలాంటి శబ్దం మొదలవుతుంది. స్పీకర్ల కింద మెత్తటి కాళ్లు సాయపడతాయి గానీ, ముందు ప్లేయర్‌ను నేల మీది స్టాండు నుంచి తీసి గోడకు బిగించిన బలమైన షెల్ఫు మీదకు మార్చండి. మనిషి నడిస్తే ముల్లు ఎగిరే బాధ కూడా దాంతో తగ్గుతుంది.

మెత్తటి కాళ్లు వేసిన వారానికి మరోసారి రసమట్టం పెట్టి చూడాలి. కొత్త రబ్బరు బరువుకు ఇంకొంచెం సర్దుకుంటుంది, బరువు ఎక్కువ పడే వైపు కాళ్లు కాస్త ఎక్కువ అణుగుతాయి. ఆ వైపు అర మర తిప్పి నట్టు మళ్లీ బిగిస్తే సరి.